చక్రము చెప్పిన దూరము

లారీ నడుపువాని కన్నుల యెదుట ఒక గాజుబిళ్ల క్రింద రెండు లెక్కలు కనబడుచుండును. ముల్లు చూపునది వేగము. దాని క్రింద వరుసగా తిరుగు అంకెలు చూపునది నడిచిన దూరము. ఈ రెండింటిని శంకించువారు అరుదు. గడియారము తప్పవచ్చునని అందరును ఒప్పుకొందురు. అంగడిలోని తక్కెడను సందేహింతురు. కాని బండిలోని మీటరు చెప్పినదానికి తిరుగులేదని మన నమ్మకము. ఈ నమ్మకము ఎట్లు పుట్టినది, ఎంతవరకు తగినది అను విషయమును, దక్షిణ తెలంగాణపు మెట్టసీమలైన నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతముల బాటలను ఆధారముగా చేసికొని నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

ఈ విచారమునకు కారణము ఒక డ్రైవరు కష్టము. కొంతకాలము క్రిందట కార్యక్రమ సేకరణ నిమిత్తము నల్లగొండ వైపు వెళ్లుచు, మేము నార్కట్‌పల్లి సమీపమున ఒక టీ హోటలు కడ ఆగితిమి. పాలమూరు ప్రాంతపువాడైన ఒక లారీ డ్రైవరు అచ్చట తల వంచుకొని కూర్చుండి యుండెను. హైదరాబాదు నుండి విజయవాడకు సరకు చేర్చుట అతని పని. పోయివచ్చుటకు సుమారు 540 కిలోమీటర్లు. లీటరు డీజిలునకు 4 కిలోమీటర్లు నడువవలెనని యజమాని లెక్క. రెండు నెలలుగా ప్రతి పర్యాయమును, మీటరు చూపిన దూరమునకు కావలసిన డీజిలు కంటె దాదాపు 5 లీటర్లు ఎక్కువ ఖర్చగుచున్నది. ఆ డీజిలును దారిలో అమ్ముకొనుచున్నాడని యజమాని అనుమానించెను. జీతములో కోత పెట్టెను.

"పన్నెండేండ్ల సంది బండి నడుపుతున్న సారూ. ఒక్క చుక్క అమ్ముకోలే. సేటు మీటరు చూపెట్టి అడుగుతుండు. మీటరు అబద్ధం చెప్తదా?" అని అతడు మమ్మడిగెను.

ఈ నడుమ బండిలో ఏమైన మార్పు జరిగినదా అని మేమడిగితిమి. వెనుక చక్రముల టైర్లు అరిగిపోగా, బరువు బాగుగా మోయునని యజమానియే ఒక సైజు పెద్దవి వేయించెనట. అది జరిగినది సరిగా రెండు నెలల క్రిందటనే. ఈ రెండు సంగతులను కలిపి చూచుట ఆ ఇరువురిలో ఎవరికిని తోచలేదు.

మీటరు అబద్ధము చెప్పదు. కాని తనకు తెలిసినంతవరకే చెప్పును. దానికి తెలిసినది దూరము కాదు, వేగమును కాదు, చక్రము ఎన్నిసార్లు తిరిగినదో అది మాత్రమే. తక్కినదంతయు, ఈ చక్రము చుట్టుకొలత ఇంత అని ఎవరో ముందుగా చెప్పియుంచిన మాట మీద ఆధారపడిన గుణకారము. ఆ మాట మారినను మీటరునకు తెలియదు. ఈ చిన్న సత్యమునకు మన ప్రాంతమున చాల పొడవైన చరిత్ర కలదు.

మన పూర్వులు దూరమును చక్రముతో కొలువలేదు. కాలితో, ప్రొద్దుతో కొలిచిరి. కేక వినబడునంత దూరము, కోసెడు దూరము, ఆమడ దూరము అనుచు వ్యవహరించిరి. కోసు అన్ని చోట్లను ఒక్కటి కాదు. ఒక ఊరి కోసు మరియొక ఊరి కోసు కంటె పొడవైనను, నడచువానికి దానివలన నష్టము లేదు. ప్రొద్దు గ్రుంకులోపల ఊరు చేరినచో చాలును. ఎద్దుల మీద ఉప్పును ధాన్యమును వేసికొని దక్కను మెట్టలను దాటిన లంబాడీలకు మజిలీయే కొలత. నీరెచ్చట దొరకునో, మేత యెచ్చట దొరకునో అచ్చట ఆనాటి దూరము ముగియును. పన్ను విధించుటకును, పటము గీయుటకును, సైన్యమును నడుపుటకును కచ్చితమైన దూరము కావలసి వచ్చినపుడే చక్రము కొలబద్ద యైనది.

ఆ ఊహ మిక్కిలి ప్రాచీనము. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దిలో రోమను వాస్తుశిల్పి విట్రూవియసు అట్టి బండిని వర్ణించెను. దాని చక్రము ఒక చుట్టు తిరిగినచో పన్నెండున్నర అడుగులు. 400 చుట్లు తిరిగినచో 5,000 అడుగులు, అనగా ఒక రోమను మైలు. మైలు నిండినపుడెల్ల పండ్లచక్రముల ఏర్పాటుచే ఒక గుండ్రని రాయి కంచుపాత్రలో టంగున పడును. సాయంకాలము రాళ్లు లెక్కించిన ఆనాటి ప్రయాణమెంతయో తెలియును. చీనా దేశమునను ఒక్కొక్క కొలతకు బొమ్మ డోలు వాయించు బండ్లుండెడివి. నేడు లారీలోని అంకెల మీటరు చేయుపనియు ఇదియే. రాళ్లకు బదులు అంకెలు వచ్చినవి, లెక్క మారలేదు.

మన సీమకు ఈ చక్రము ఇంగ్లీషు సర్వేయర్లతో వచ్చినది. దీనిని వారు పెరాంబులేటరు అనిరి. ఒంటిచక్రము, దానికొక పిడి, ఇరుసు కడ చుట్లు లెక్కించు ముల్లు. ఇంగ్లండులో వాడుకలోనున్న ఒక రకపు చక్రమునకు చుట్టుకొలత 8 అడుగుల 3 అంగుళములు. 640 చుట్లు తిరిగినచో సరిగా ఒక మైలు. ఒక మనిషి దానిని దొర్లించుకొని నడచుచుండగా మరియొకడు లెక్క వ్రాసికొనును. కాలిన్ మెకంజీ 1792 మొదలు నిజాము రాజ్యములోని ఇంగ్లీషు సైన్యమునకు ఇంజనీరుగను, సర్వేయరుగను పనిచేసెను. 1794లో ఆయన శ్రీశైలమును దర్శించి వ్రాసిన దినచర్య తరువాత అచ్చయినది. తెలుగువారి స్థానిక చరిత్రలను, కైఫీయతులను సేకరింపజేసిన మెకంజీ ఇతడే. ఆయన కాలపు పటములలో ఊరికిని ఊరికిని నడుమ దూరములను నింపుటలో ఈ దొర్లుడు చక్రమునకు పెద్ద పాలు కలదు.

అయినను చక్రపు కొలతను మెట్టసీమ సులభముగా లొంగనిచ్చునది కాదు. నల్లగొండ, పాలమూరు భూములలో బండలు విస్తారము. బాట ఒక గుండును తప్పించుకొని తిరుగును. వాగులోనికి దిగి ఎక్కును. చక్రము ఆ మిట్టపల్లములన్నిటిని పాకి లెక్కించును గనుక, పటము మీది తిన్నని దూరము కంటె అది చెప్పు దూరము ఎక్కువ. చక్రపు అంచు అరిగినచో చుట్టుకొలత తగ్గి, చుట్లు పెరిగి, లెక్క ఇంకను పెరుగును. బురద అంటుకొన్నచో చక్రము లావై లెక్క తగ్గును. కనుక జాగరూకుడైన సర్వేయరు తన చక్రమును అప్పుడప్పుడు గొలుసుతో కొలిచిన నేల మీద దొర్లించి సరిచూచుకొనవలసి యుండెను.

ఈ జాగరూకతను పరాకాష్ఠకు తెచ్చినవాడు విలియం లాంబ్టన్. 1802లో మద్రాసు కడ ఉక్కుగొలుసుతో ఆధారరేఖను కొలిచి ఆయన ఆరంభించిన త్రికోణ సర్వే, 1811లో గుత్తి కడ ఒక రేఖను, 1815లో బీదరు ప్రాంతపు దామరగిద్ద కడ మరియొక రేఖను కొలిచినది. ఈ రెండింటి నడుమ త్రికోణముల వరుస కృష్ణను దాటి పాలమూరు పడమటి భాగము మీదుగా సాగినది. ఆ త్రికోణములకు బాటలతో పని లేదు. గుట్ట శిఖరము నుండి గుట్ట శిఖరమునకు చూపే ఆధారము. కాని ఇచ్చట మనము గమనింపవలసినది వేరొకటి. ఎండకు ఉక్కు సాగునని లాంబ్టన్ ఎరుగును. కావున కొలుచునపుడెల్ల ఉష్ణమానమును చూచి, గొలుసు ఎంత సాగియుండునో లెక్కగట్టి, ఆ మేరకు సవరించెను. నేలను కొలుచుటకు ముందు కొలుచు గొలుసునే కొలిచెనన్నమాట. మన డ్రైవరు యజమాని మరచినది ఇంతమాత్రమే.

బండిచక్రము కొయ్యతో నున్నంతకాలము ఈ మరపు వలన ప్రమాదము లేకపోయెను. కుంభి, ఆకులు, పూటీలు వడ్రంగి చేయగా, కమ్మరి ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి నీరు పోయును. ఆ చక్రము ఏండ్లు గడచినను పరిమాణమున పెద్దగా మారదు. పైగా కచ్చురము తోలువానికి గంటకెన్ని మైళ్లు అను ప్రశ్నయే లేదు. ఎద్దుల నడకయే వేగము. 1888లో డన్లప్ గాలి నింపిన రబ్బరు టైరును రూపొందించెను. అప్పటి నుండి, గాలి తగ్గినచో కుంగుచు, బరువు పడినచో అణగుచు, నడచిన కొలది అరుగుచు, మార్చినచో కొలతయే మారిపోవు చక్రము లోకమునకు వచ్చెను. ప్రయాణము సుఖమైనది, కొలత చంచలమైనది.

మన ప్రాంతమున ఈ గాలిచక్రములు ప్రజాజీవితమున ప్రవేశించిన కథ బస్సులతో ముడిపడియున్నది. 1932 జూను మాసమున నిజాము రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణాను ఆరంభించిరి. తొలినాటి బస్సులు స్కాట్లండు దేశపు ఆల్బియన్ కంపెనీవి. నల్లగొండ పట్టణము మీదుగా బీబీనగరు నుండి నడికుడి వైపు పోవు రైలుమార్గము పూర్తియైనది 1989లో. అంతవరకును ఆ సీమకు బస్సును లారీయునే ముఖ్యాధారములు. 1954లో జంషెడ్‌పూరున టాటావారి లారీల తయారీ మొదలయ్యెను. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. రాయి, సిమెంటు, ఇనుము, మనుష్యులు, అన్నియు కృష్ణ ఒడ్డునకు చేరవలసినవే. నాటి నుండి కిలోమీటరు అనునది కేవలము దూరము కాదు. బాడుగ, డీజిలు, బత్తా, మరమ్మతు అన్నియు దానిమీద లెక్కగట్టబడుచున్నవి. లెక్క తప్పినచో ఎవరో ఒకరు దోషి కావలసినదే.

ఇక వేగము చూపు ముల్లు సంగతి. 1902లో బెర్లినులో ఓటో షుల్జె పేటెంటు పొందిన యంత్రము చాలకాలము లోకమంతట వాడబడినది. గేరుపెట్టె వెనుక తిరుగు ఇరుసు నుండి సన్నని మెలికల తీగ ఒకటి మీటరు దాకా వచ్చును. దాని కొనయందు ఒక అయస్కాంతము గిరగిర తిరుగుచుండును. దాని చుట్టును అల్యూమినియపు గిన్నె కలదు, ఒకదానినొకటి తాకవు. అయినను అయస్కాంతము తిరుగుట చేత గిన్నెలో విద్యుత్తు సుడులు పుట్టి, గిన్నెను కూడ త్రిప్పజూచును. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు లాగుచుండును. ఈ పెనుగులాటలో గిన్నె ఎంతవరకు తిరుగునో అంతవరకు ముల్లు కదలును. నేటి కొత్తబండ్లలో తీగకు బదులు విద్యుత్ సంకేతములు వచ్చినవి. ఏ విధానమైనను లారీలలో సాధారణముగా గేరుపెట్టె నుండి వచ్చు చుట్లే మూలము. కావుననే ముందు టైరు మార్చిన తేడా రాదు. ఇంజను త్రిప్పు వెనుక టైర్లు మార్చినచో వచ్చును.

లెక్క చూతము. లారీ టైరు మీద 9.00-20 అని యున్నచో, టైరు వెడల్పు సుమారు 9 అంగుళములు, లోపలి రిమ్ము 20 అంగుళములు అని అర్థము. అట్టి టైరు అడ్డుకొలత సుమారు 1,018 మిల్లీమీటర్లు. దాని పై సైజు 10.00-20, అడ్డుకొలత సుమారు 1,055. రిమ్ము ఒక్కటే, కంటికి పెద్ద తేడాయును కనబడదు. కాని చుట్టుకొలత నూటికి మూడున్నర పాళ్లకు పైగా పెరిగినది. పెద్దచక్రము అదే దూరమును తక్కువ చుట్లతో నడచును. చుట్లు తగ్గినందున మీటరు తక్కువ దూరము చూపును. లారీ 540 కిలోమీటర్లు నడచినను మీటరు 521 అనియే చెప్పును. తక్కువ చూపిన 19 కిలోమీటర్లను యజమాని లీటరునకు 4 చొప్పున భాగించెను. వచ్చినది దాదాపు 5 లీటర్లు. దొంగిలింపబడినదని చెప్పబడిన డీజిలు సరిగా ఇంతే. అది అమ్ముడుపోలేదు, మీటరు చూడని బాట మీద కాలిపోయినది.

ఈ సంగతి చెప్పగా ఆ డ్రైవరు కొంతసేపు మాటాడలేదు. "అయితే నేను నడిచిన తొవ్వ నడవనట్టే లెక్కవడ్డదా సారూ?" అనెను. అంతకంటె స్పష్టముగా మేమును చెప్పజాలము.

డీజిలు లెక్క ఒక యెత్తు, ప్రాణము లెక్క మరియొక యెత్తు. 8.25-20 టైర్లకు అమర్చిన మీటరుగల బండికి 10.00-20 టైర్లు తొడిగినచో తేడా నూటికి 8 పాళ్లు దాటును. ముల్లు 60 మీద నున్నపుడు బండి 65 వేగమున పోవుచుండును. ఐదే కదా అని తోచవచ్చును. కాని బ్రేకు వేసిన తరువాత బండి ఆగుటకు పట్టు దూరము వేగముతో కాక, వేగపు వర్గముతో పెరుగును. 8 పాళ్ల వేగము పెరిగినచో ఆ దూరము సుమారు 17 పాళ్లు పెరుగును. చౌటుప్పల్, చిట్యాల, కట్టంగూరు, నకిరేకల్ వంటి ఊళ్ల కడ రహదారిని దాటు మనుష్యునకును, గొఱ్ఱెలమందకును ఆ నాలుగడుగులే ఆయుర్దాయము. హైదరాబాదు-విజయవాడ రహదారి 2012 నాటికి నాలుగు వరుసలుగా విస్తరింపబడినది. షాద్‌నగరు, జడ్చర్లల మీదుగా కర్నూలు పోవు బాటయును అట్లే విశాలమైనది. విశాలమైన బాట మీద వేగము తెలియదు, తెలుపవలసినది ముల్లే.

ఈ ప్రమాదమును శాస్త్రజ్ఞులు ముందే తలచిరి. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున ఏర్పడిన వాహన నిబంధనలలో 39వది, మీటరు నిజమైన వేగము కంటె తక్కువ చూపరాదని శాసించుచున్నది. కొంత ఎక్కువ చూపిన తప్పు లేదు. తప్పినను జాగ్రత్త వైపునకే తప్పవలెనని దాని భావము. అందుచే చాల బండ్లలో ముల్లు కొంచెము ఎక్కువయే చూపును. ఒక సైజు పెద్దటైరు ఈ ముందుజాగ్రత్తను తినివేయును. రెండు సైజులు పెద్దదైనచో దానిని దాటి పోవును. దూరము చూపు అంకెలకు ఈపాటి వెసులుబాటు కూడ లేదు గనుక, వానిలో తేడా మొదటి దినము నుండియే బయటపడును. మన దేశమున 2015 నాటి నియమము ప్రకారము, ఆ సంవత్సరము అక్టోబరు నుండి తయారైన రవాణా బండ్లలో చాలవానికి 80 కిలోమీటర్ల వేగపు కట్టడి యంత్రము ఉండవలెను. ఆ యంత్రమును గేరుపెట్టె చుట్లనే నమ్మునదైనచో, పెద్దటైరు దానిని కూడ మోసగించును. తయారీదారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము చెప్పుటకు ఇట్టి కారణములు కూడ కలవు.

టైరు మార్చకున్నను తేడా కొంత ఉండనే ఉండును. టైరు మీది గాళ్లు 12 మిల్లీమీటర్లు అరిగినచో అడ్డుకొలత 24 తగ్గును. నూటికి రెండు పాళ్లకు పైగా మీటరు ఎక్కువ చూపును. జంటచక్రములలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వేసినచో, పెద్దది బరువంతయు మోసి వేడెక్కును, చిన్నది నేల మీద ఈడ్చుకొని అరుగును. ఇది మీటరు తప్పు కంటె పెద్ద కీడు.

చికిత్స కష్టమైనది కాదు. పాతబండ్లలో మీటరు తీగను త్రిప్పు చిన్న పండ్లచక్రమును మార్చినచో సరిపోవును. కొత్తవానిలో టైరు కొలతను బండి కంప్యూటరునకు కంపెనీ వర్కుషాపులో తెలుపవలెను. పరీక్షకు మాత్రము ఏ వర్కుషాపును అక్కరలేదు. రహదారి ప్రక్క కిలోమీటరు రాళ్లు కలవు. ప్రక్కన కూర్చున్నవాడు గడియారము చూచుచు, బండి ఒకే వేగమున పోవునపుడు ఒక రాతి నుండి మరియొక రాతికి ఎన్ని సెకండ్లు పట్టినదో గమనించి, 3,600ను ఆ సంఖ్యచే భాగించినచో నిజమైన వేగము వచ్చును. 60 సెకండ్లు పట్టిన 60 కిలోమీటర్లు. 48 పట్టిన 75. 45 పట్టిన 80. దూరము సరిచూచుటకు 50 రాళ్లు లెక్కించి మీటరుతో పోల్చిన చాలును. కారుగల గృహస్థులును ఈ పరీక్ష చేసికొనవచ్చును.

ఆ డ్రైవరు అదే చేసెను. కొన్ని వారముల పిదప మరల అదే హోటలు కడ కనబడి చెప్పెను: యజమానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇరువురును బిగ్గరగా రాళ్లు లెక్కించుచు పోయిరట. 50 రాళ్లు దాటునప్పటికి మీటరు 48 చూపెనట. యజమాని ఏమియు అనలేదట. ఆ నెల జీతములో కోత మాత్రము లేదట.

విట్రూవియసు బండిలో రాళ్లు కంచుపాత్రలో పడెడివి. మన రాళ్లు బాట ప్రక్కన పాతబడియున్నవి. రెండును చెప్పునది ఒక్కటే. కొలతను నమ్మవలసినదే, కాని మనిషిని దోషిగా నిలువబెట్టుటకు ముందు, కొలిచిన చక్రమును ఒకసారి కొలిచి చూడవలెను.